అమరుల స్థూపాలు (కరీంనగర్, ఆదిలాబాద్)

ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఊరి మొగదలనో, బాటలు కలిసేచోటనో ఎర్రరంగుతో కనబడే స్మారక స్తంభాలు. రైతుకూలీ ఉద్యమంలో, విప్లవోద్యమంలో చనిపోయినవారి పేరిట కట్టినవి. ఇటుక, సిమెంటు, మేస్త్రీ కూలి, ఎర్రరంగు డబ్బా ఉంటే చాలు, ఊరివాళ్లే లేపుకోగలరు. కూల్చినా మళ్లీ కట్టుకోగలరు.

స్థూపం ఈ నేలకు కొత్త కాదు. ధూళికట్టలో శాతవాహనుల కాలపు బౌద్ధస్థూపం 1970ల తవ్వకాల్లో బయటపడింది. దాని సున్నపురాతి పలకల మీది ముచిలిందనాగుడి శిల్పం చూడదగ్గది. ఆ తర్వాతి శతాబ్దాల్లో పోరులో ఒరిగినవారికి వీరగల్లులు నాటారు.

ఎర్ర స్థూపాల నేపథ్యం 1978లో మొదలవుతుంది. ఆ ఏడాది సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. వెట్టికీ, దొరల భూస్వామ్యానికీ ఎదురుతిరిగిన సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను ప్రభుత్వం కొద్ది వారాల్లోనే కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఊళ్లలో చావులు పెరిగినకొద్దీ స్థూపాలూ పెరిగాయి. కొడవలి, సుత్తె గుర్తు, కింద పేర్ల పట్టిక వీటి సాధారణ రూపం. హుస్నాబాద్‌లో లేచిన స్థూపం మాత్రం పల్లె స్థూపాలకు ఎన్నో రెట్లు ఎత్తు.

అన్నిటిలో పేరుపడింది ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి స్థూపం. 1981 ఏప్రిల్ 20, సోమవారం, సంత రోజు. భూముల పట్టాలు, వడ్డీవ్యాపారుల దోపిడీ, అటవీశాఖ వేధింపుల మీద గిరిజన రైతుకూలీ సంఘం సభ తలపెట్టింది. అనుమతి లేదని పోలీసులు అడ్డుకున్నారు. సంతకూ సభకూ వచ్చిన గోండుల మీద కాల్పులు జరిగాయి. సర్కారు లెక్కలో మృతులు 13 మంది. పౌరహక్కుల సంఘాలు అంతకు ఎన్నో రెట్లు చెప్పాయి.

ఆ మృతుల జ్ఞాపకంగా 1983లో స్థూపం నిలిచింది. 1986లో దాన్ని పేలుడు పదార్థాలతో కూల్చేశారు. 1987లో సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ, అంటే ప్రభుత్వమే, తిరిగి కట్టించింది. తూటాలు పేల్చిన సర్కారే ఆ తూటాలకు బలైనవారికి స్మారకం కట్టిన ఉదాహరణలు అరుదు. అయినా ఏటా ఏప్రిల్ 20న ఆంక్షలు, పికెట్లు ఎన్నో ఏళ్లు సాగాయి. స్థూపం సర్కారుది, దాని ముందు నిలబడటం మాత్రం నేరమయ్యేది.

రాజధానిలో అమరుల జ్ఞాపకాన్ని వేరే పదార్థాలు మోశాయి. హైదరాబాద్ గన్‌పార్కులో 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమ మృతులకు శిల్పి ఎక్కా యాదగిరిరావు రాతిలో స్థూపం చేశారు. అడుగున నల్లరాయి, దాని మీద తూటా గుర్తుల్లాంటి రంధ్రాలు, పైన తెల్లని తామర. రంధ్రాలు వైపుకు తొమ్మిది, నాటి తొమ్మిది జిల్లాలకు గుర్తుగా. గాయాన్ని చెప్పకుండానే చూపే పనితనం అది. తెలంగాణ అమరుల పేరిట అదే నగరంలో 2023 జూన్ 22న ఆవిష్కరించిన అమరజ్యోతి స్టెయిన్‌లెస్ స్టీలు ప్రమిద. మెరుపు ఎక్కువ, గాయం తక్కువ.

2024 ఫిబ్రవరి 2న ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ఇంద్రవెల్లి స్థూపం వద్ద నివాళి అర్పించి, అక్కడ స్మృతివనానికి శంకుస్థాపన చేశారు.