ఫిల్ము కడుగుటలో కాలమునకు గల హద్దు

ఇంటిలోనే ఫిల్ము కడుగుకొను వారి నోట రెండు ఆంగ్లపదములు తరచుగా వినబడుచుండును. ఒకటి ‘పుష్’, రెండవది ‘పుల్’. వెలుతురు చాలనిచోట తీసిన ఫిల్మును డెవలపరులో నియమిత కాలముకంటె ఎక్కువసేపు ఉంచుట మొదటిది. వెలుతురు ఎక్కువగా పడిన ఫిల్మును ముందుగానే వెలికి తీయుట రెండవది. వినుటకు సులభమైన ఉపాయమే. కాని వెలుతురు లోటును గడియారము నిజముగా తీర్చగలదా? ఈ ప్రశ్నపై పందొమ్మిదవ శతాబ్దమున పెద్ద వివాదమే నడచినది.

దానికి మూలము 1840లో ఉన్నది. ఆ యేడు సెప్టెంబరులో ఇంగ్లండున విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ ఒక విశేషమును కనుగొనెను. రజతలవణము పట్టించిన కాగితముపై కొద్దిసేపు వెలుతురు పడినచో కంటికేమియు కానరాదు. అయినను బింబము దానియందు గుప్తముగా నుండును. గాలిక్ ఆమ్లము కలిసిన ద్రావణముతో తడిపినచో అది క్రమముగా పైకి తేలును. అంతకుముందు కాగితముపై బొమ్మను పూర్తిగా వెలుతురే గీయవలసి యుండెను. ఇప్పుడు వెలుతురు పని కొంత, మందు పని కొంత అయినది. ఎవరి వాటా ఎంత? సమస్య అంతయు ఇందే యున్నది.

1871లో రిచర్డ్ లీచ్ మాడక్స్ జెలటిన్ ప్లేటు పద్ధతిని ప్రకటించెను. పిమ్మట కొన్ని యేండ్లకు పొడి ప్లేట్లు అంగళ్లలో దొరకసాగినవి. ఎర్రదీపపు వెలుగున ప్లేటును కనిపెట్టి చూచుచు, పైరోగాలిక్ ఆమ్లమును, అమోనియాను, బ్రోమైడును హెచ్చించియు తగ్గించియు బొమ్మను రాబట్టుట ఆనాటి నిపుణుల విద్య. కూరలో ఉప్పు పులుపులను సవరించినట్లే, వెలుతురులోని హెచ్చుతగ్గులను చేతినేర్పుతో సవరింపవచ్చునని పలువురి నమ్మకము.

ఆ నమ్మకమును పరీక్షకు పెట్టినవారు వృత్తి ఛాయాగ్రాహకులు కారు. లాంకషైరులోని విడ్నెస్ పట్టణమున క్షారములు తయారుచేయు కర్మాగారములో పనిచేయుచుండిన ఇద్దరు మిత్రులు వారు. ఫెర్డినాండ్ హర్టర్ స్విట్జర్లాండులో పుట్టిన రసాయన శాస్త్రజ్ఞుడు. వీరో చార్లెస్ డ్రిఫీల్డ్ ఇంజనీరు. 1876లో డ్రిఫీల్డ్ మూలముగా హర్టరునకు ఫొటోగ్రఫీపై ఆసక్తి కలిగెను. అంతయు ఊహయే గాని కొలత లేని ఆ విద్య శాస్త్రజ్ఞునకు తృప్తి నీయలేదు.

వారొక ప్లేటును భాగములుగా విభజించి, ప్రమాణమైన కొవ్వొత్తి వెలుగును ఒక్కొక్క భాగమునకు మునుపటిదానికి రెట్టింపుగా ఇచ్చిరి. కడిగిన పిమ్మట ప్రతి భాగమున వెండి ఎంత పేరుకొన్నదో, అనగా దాని సాంద్రత ఎంతో, తాము నిర్మించుకొన్న కాంతిమాపకముతో కొలిచిరి. 1890లో తమ ఫలితములను ప్రకటించిరి. కడుగు కాలము పెరిగినకొలది సాంద్రతలన్నియు పెరుగును గాని వాని నడుమ నిష్పత్తి మారదనునది అందలి ముఖ్యాంశము.

ఒక లెక్కతో చూతము. నెగటివులో నీడ సాంద్రత 0.1, ముఖము 0.6, తెల్లని వస్త్రము 1.2 అనుకొందము. ఎక్కువసేపు కడుగుటచే ఇవి ఒకటిన్నర రెట్లయినచో వరుసగా 0.15, 0.9, 1.8 అగును. వస్త్రమునకు 0.6 లాభించినది, నీడకు దక్కినది 0.05 మాత్రమే. వెలుతురే తాకని చోట సున్న ఎన్ని రెట్లయినను సున్నయే.

కాప్టెన్ విలియం ఆబ్నీ వంటి పండితులు ఈ సిద్ధాంతమును ఎదిరించిరి. నిష్పత్తి నియమము అన్ని మందులకు అక్షరాల వర్తింపదనియు, బ్రోమైడు కలిసినచో పలుచని భాగములు వెనుకబడుననియు తేలినమాట నిజమే. కాని మూలసూత్రము నిలిచినది. 1898లో రాయల్ ఫొటోగ్రఫిక్ సొసైటీ ఆ మిత్రులకు ప్రోగ్రెస్ పతకము నొసగెను. ఆ యేడే హర్టర్ మరణించెను. వారు గీసిన సాంద్రతారేఖ వంటిది నేటికిని ఫిల్ము వివరణ పత్రములలో అచ్చగుచున్నది.

1940 ప్రాంతమున అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ రూపొందించిన ‘జోన్’ పద్ధతికి ఆధారమిదియే. నీడలను బట్టి ఎక్స్‌పోజరును, వెలుగులను బట్టి కడుగు కాలమును నిర్ణయింపవలెను. తీవ్రమైన ఎండలో నీడల కొరకు వెలుతురు నెక్కువగా ఇచ్చి, తెలుపు మితిమీరకుండ కాలమును తగ్గించుటయే ‘పుల్’.

ఇంటిలో కడుగువారికి ఇల్‌ఫర్డ్ వారి లెక్క యొకటి ఉపకరించును. 400 వేగముగల హెచ్‌పీ5 ప్లస్ ఫిల్మునకు, నీరు కలుపని ఐడీ-11 డెవలపరులో 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద 7½ నిమిషములు చాలును. 800గా ఎంచి తీసినచో 10½, 1600గా ఎంచినచో 14 నిమిషములు కావలెను. అంకె పెరిగినంతమాత్రమున ఫిల్ము గుణము మారదు. 1960లో అమెరికా ప్రమాణము సవరింపబడినపుడు, 1954లో 35 మిల్లీమీటర్ల రూపమున వచ్చిన ట్రై-ఎక్స్ ఫిల్ము వేగము 200 నుండి 400 అయినది. మారినది కొలతయే గాని ఫిల్ము కాదు.

పెండ్లిపందిట దీపపు వెలుగున తీసిన చుట్టను ‘పుష్’ చేసినచో వధువు ముఖము అచ్చునకు తగినంత తేటపడును. దీపము చెంతనున్న తెల్లని పట్టు తన మడతలను కోల్పోవును, వెండిరేణువు ముతకబారును. పందిటి మూలను చీకటిలో కూర్చున్న తాతగారు మాత్రము అచ్చులోనికి రారు. ముహూర్తము మరల రాదు, చుట్టను కడుగుట ఒక్కసారియే. కావున ఎవరి ముఖము దక్కవలెనో మీట నొక్కుటకు ముందే నిశ్చయించుకొనవలెను.