కోరంగి ఉప్పెనలు – తుపాను శాస్త్రము

తెలుగున గాలివాన వేఱు, ఉప్పెన వేఱు. గాలివాన ఇంటికప్పులను లేపుకొనిపోవును. ఉప్పెన ఊళ్లనే తుడిచిపెట్టును. తుపాను గాలి నీటిని ఒడ్డునకు త్రోయును. కేంద్రమున వాయుభారము తగ్గుటచే నీటిమట్టము కొంత లేచును. సముద్రము లోతు తక్కువైనచోట ఆ నీరు వెనుకకు మరలజాలక పల్లపు నేలపై బడును. ఈ జ్ఞానము తీరవాసులకు రక్షగా పరిణమించుటకు ఏల ఆలస్యమైనదో ఇచట విచారింపబడును.

గోదావరి ముఖమునందలి కోరంగి పూర్వము ఓడల నిర్మాణమునకు ప్రసిద్ధి కెక్కిన రేవు. 1789 డిసెంబరులో నొకమాఱు, 1839 నవంబరు 25వ తేదీన మఱియొకమాఱు ఉప్పెన దానిని ముంచివేసెను. రెండవ ఉప్పెనలో 3 లక్షలమంది మరణించిరని పెక్కు గ్రంథములలో కానవచ్చును. ఇది విశ్వసనీయము కాదు. నాటి రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య 1821లో సుమారు 7,38,000. 1841లో సుమారు 5,61,000. ఇరువదియేండ్ల తరుగుదల యంతయు 1,77,000 మాత్రమే. ఆ నడుమనే 1832–33 నాటి ఘోరక్షామము సంభవించెను. కావున 3 లక్షలను సంఖ్య ఈ లెక్కలలో ఇముడదు. తీరమున నమ్మదగిన వ్రాతలు కొఱవడుటయే అట్టి సంఖ్య ప్రచారమునకు కారణమని తలంపవచ్చును.

సముద్రముపైని స్థితి భిన్నము. ఓడలయందు గాలి దిక్కును, వాయుభారమును వేళవేళకు దినచర్యలో వ్రాయుదురు. కలకత్తాలో నౌకాప్రమాదముల విచారణసభకు అధ్యక్షుడైన హెన్రీ పిడింగ్టన్ అట్టి దినచర్యలను సేకరించెను. పలు నౌకలవారు ఏకకాలమున చూచిన గాలి దిక్కులను పటముపై గుర్తించి, రెడ్‌ఫీల్డ్, రీడ్ అనువారలు ప్రతిపాదించిన చక్రవాత సిద్ధాంతమును బంగాళాఖాతమునకు అన్వయించెను. 1839 నాటి కోరంగి తుపానును గూర్చి బంగాళ ఆసియాటిక్ సొసైటీ పత్రికలో ప్రత్యేకముగా వ్రాసెను. పాముచుట్టను స్ఫురింపజేయు గ్రీకు పదమునుండి ‘సైక్లోన్’ అను పేరును కల్పించి, 1848లో నావికులకై ప్రకటించిన గ్రంథమున వాడెను.

పిడింగ్టన్ ఉప్పెనను విస్మరించినవాడు కాడు. మాత్లా నదిపై కానింగ్ రేవును కట్టదలచినపుడు, ఉప్పెన దానిని ముంచునని 1853లో గవర్నర్ జనరలునకు లేఖ వ్రాసెను. ఆ మాట చెల్లలేదు. అతడు 1858లో మరణించెను. 1867లో ఆ రేవు తుపానువలన ధ్వంసమయ్యెను. అంతకుముందే, 1864 అక్టోబరు 5న కలకత్తాను, నవంబరు 1న బందరును ఉప్పెనలు ముంచినవి. బందరు ప్రాంతమున సుమారు 30,000 మంది చనిపోయిరి. అయినను 1865లో ఏర్పడిన తుపాను హెచ్చరిక కలకత్తా రేవునకే. భారత వాతావరణ శాఖ 1875లో స్థాపితమైనది.

శాస్త్రము ఓడల వ్రాతలనుండి పుట్టి, మొదట ఓడలకే తోడ్పడినది. పల్లెకు హెచ్చరిక చేరుటయే కొఱత. 1977 నవంబరు 19న దివిసీమలో సుమారు 10,000 మంది ఉప్పెనపాలైరి. 1990 మే నెలలో కృష్ణా ముఖప్రాంతమున తీరము దాటిన తీవ్రమైన తుపానులో, జనులను ముందుగా తరలించుటచే, మృతులు వేయికి లోబడియే యుండిరి. ఈ రెండింటి నడుమ గడచినవి పదుమూడేండ్లు. కోరంగి తుపానుపై పిడింగ్టన్ వ్రాసిననాటినుండి గడచినవి నూటయేబదియేండ్లు.