మౌంటెన్ బైక్ క్రాంకు, బీబీ బేరింగులు: అమరిక, లోపాల గుర్తింపు

సైకిలు తొక్కేవారి కాలి బలాన్ని చైనుకు అందించే రెండు చేతులను క్రాంకులు అంటారు. అవి బిగించి ఉండే ఇరుసు, దాన్ని మోసే బేరింగులు, వాటిని ఫ్రేములో నిలిపి ఉంచే కప్పులు కలిస్తే బాటమ్ బ్రాకెట్ అవుతుంది. మెకానిక్కులు దీన్ని క్లుప్తంగా బీబీ అంటారు. ఫ్రేము అడుగున అడ్డంగా ఉండే గుండ్రటి గొట్టం బీబీ షెల్. సైకిలులో ఎక్కువ బలం పడే చోట్లలో ఇదొకటి. క్రాంకు నేలకు సమాంతరంగా ఉన్నప్పుడు 70 కిలోల మనిషి ఒక్క పెడల్ మీద బరువంతా వేసి నిలబడితే, 170 మి.మీ. పొడవున్న ఆ క్రాంకు ఇరుసును దాదాపు 117 న్యూటన్ మీటర్ల బలంతో మెలితిప్పుతుంది.

నర్సీపట్నం దారుల్లో

అనకాపల్లి జిల్లాలోని రెవెన్యూ డివిజన్ కేంద్రమైన నర్సీపట్నం, మైదానానికీ విశాఖ మన్యానికీ మధ్య వాకిలి. ఊరు సముద్రమట్టానికి సుమారు 60 మీటర్ల ఎత్తున ఉంటే, చింతపల్లి దారిలో సుమారు 30 కి.మీ. దూరాన ఉన్న లంబసింగి దాదాపు 1,000 మీటర్ల ఎత్తున ఉంది. ఎక్కుడు ఎక్కువగా డౌనూరు దాటాక వచ్చే ఘాట్ రోడ్డులోనే ఉంటుంది. మనిషి, సైకిలు కలిపి 85 కిలోలు అనుకుంటే, ఈ ఎత్తు ఎక్కడానికే సుమారు 780 కిలోజౌళ్ల పని చేయాలి. అదంతా బీబీ గుండానే చక్రానికి చేరుతుంది. నిమిషానికి 60 చుట్ల చొప్పున 3 గంటలు తొక్కితే ఇరుసు 10,800 సార్లు తిరుగుతుంది. మెట్టదారుల్లో ఎండాకాలపు ఎర్రదుమ్ము, వానాకాలపు బురద బేరింగుల సీళ్లను నిరంతరం పరీక్షిస్తాయి. అందుకే ఇక్కడ కొండదారి తొక్కేవారికి బీబీ గురించిన తెలివిడి తప్పనిసరి.

రకాలు

కాటర్ పిన్ను పద్ధతి: మన ఊళ్లలో పాలవాళ్లు, కూలీలు దశాబ్దాలుగా తొక్కుతున్న నల్ల సైకిళ్లలో కనిపించేది. ఇనుప క్రాంకును ఇరుసుకు ఏటవాలు చెక్కు ఉన్న పిన్నుతో బిగిస్తారు. కప్పుల్లో సాధారణంగా పక్కకు 11 చొప్పున పావు అంగుళం ఉక్కు గోళీలు ఉంటాయి. విప్పి, కిరోసిన్‌తో కడిగి, గ్రీజు పెట్టి మళ్లీ వాడుకోవచ్చు.

చదరపు ఇరుసు: తక్కువ ధర మౌంటెన్ బైకుల్లో ఎక్కువగా ఉండేది. ఇరుసు కొనలు నాలుగు పలకలుగా, చివరకు సన్నబడుతూ ఉంటాయి. కొత్త సైకిళ్లలో బేరింగులు, ఇరుసు కలిసి ఒకే మూసిన కాట్రిడ్జిగా వస్తాయి. దాన్ని బాగుచేయరు, మార్చేస్తారు.

బోలు ఇరుసు: కుడి క్రాంకుకే లావుపాటి బోలు ఇరుసు అతికి ఉంటుంది. బేరింగులు షెల్‌కు వెలుపల కప్పుల్లో కూర్చుంటాయి. షిమానో 2003లో తెచ్చిన హాలోటెక్ 2 దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. అందులో ఇరుసు వ్యాసం 24 మి.మీ. శ్రామ్ సంస్థ డబ్ పద్ధతిలో అది 28.99 మి.మీ.

ప్రెస్ ఫిట్: మర లేని షెల్‌లోకి బేరింగులను నేరుగా నొక్కి కూర్చోబెట్టే పద్ధతి. కానండేల్ ప్రవేశపెట్టిన బీబీ30 ఇలాంటిదే. షెల్ కొలత కొద్దిగా తేడా వచ్చినా కిర్రుమనే చప్పుడు మొదలవుతుంది.

కొలతలు, మరలు

మర ఉన్న షెల్‌లలో ఎక్కువగా వాడేది బీఎస్ఏ ప్రమాణం. బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్ కంపెనీ పేరు మీద నిలిచిన ఈ కొలతలో వ్యాసం 1.37 అంగుళాలు, అంగుళానికి 24 మరలు. మౌంటెన్ బైకుల్లో షెల్ వెడల్పు 68 లేదా 73 మి.మీ. ఉంటుంది. విడిభాగం కొనేముందు ఈ వెడల్పును, ఇరుసు వ్యాసాన్ని, చదరపు ఇరుసయితే దాని పొడవును కొలిచి రాసుకోవాలి. ఇరుసు పొట్టిదైతే చైన్ వీలు ఫ్రేముకు రాసుకుంటుంది. పొడవైతే చైను వంకరగా నడిచి గేర్లు సరిగా పడవు.

బీఎస్ఏ పద్ధతిలో చైను ఉన్న కుడివైపు కప్పుకు ఎడమ మర ఉంటుంది. గడియారం ముళ్లకు ఎదురు దిశలో తిప్పితేనే అది బిగుస్తుంది. ఎడమవైపు కప్పుకు మామూలు మర. తొక్కేటప్పుడు తిరిగే భారం కప్పులను నెమ్మదిగా వదులు చేయకుండా ఈ ఏర్పాటు చేశారు. ఇటాలియన్ ప్రమాణంలో రెండు వైపులా మామూలు మరే. పెడళ్ల విషయంలో లెక్క వేరు: వాటిలో ఎడమ పెడల్‌కే ఎడమ మర ఉంటుంది. ఈ తేడా తెలియక బలంగా తిప్పితే మర చెడి, ఫ్రేమే పాడయ్యే ప్రమాదం ఉంది.

బిగించే విధానం

ఏ రకమైనా ముందు షెల్ లోపలి పాత గ్రీజును, తుప్పును, ఇసుకను గుడ్డతో తుడిచెయ్యాలి. మరలకు కొత్త గ్రీజు రాయాలి. కప్పును మొదటి రెండు మూడు చుట్లూ చేత్తోనే ఎక్కించాలి. చేత్తో తిరగని కప్పు వంకరగా ఎక్కిందని అర్థం. అప్పుడు పానా తగిలించకూడదు.

కాటర్ పిన్నులను రెండు క్రాంకులకూ ఒకదానికొకటి వ్యతిరేక దిశల్లో దించాలి. అలా చేయకపోతే క్రాంకులు ఒకే సరళరేఖలో నిలవవు. పిన్నును సుత్తితో కొట్టేటప్పుడు క్రాంకు కింద గట్టి చెక్క ఆనించాలి. లేకపోతే ప్రతి దెబ్బా గోళీలకూ కప్పులకూ తగిలి గుంటలు పడతాయి. పిన్నును దించాల్సింది సుత్తి దెబ్బే. నట్టు దాన్ని జారిపోకుండా పట్టి ఉంచడానికి మాత్రమే.

చదరపు ఇరుసు క్రాంకును విప్పడానికి పుల్లర్ కావాలి. ముందు బోల్టునూ, దాని కింద వాషరునూ తీసి, పుల్లర్‌ను క్రాంకు మరలో చివరిదాకా ఎక్కించాకే మధ్య స్క్రూ తిప్పాలి. సగం ఎక్కించి తిప్పితే అల్యూమినియం మర ఊడిపోతుంది. తిరిగి బిగించేటప్పుడు బోల్టుకు సుమారు 35 నుంచి 45 న్యూటన్ మీటర్ల బిగింపు సరిపోతుంది.

హాలోటెక్ 2లో కప్పులకు 35 నుంచి 50 న్యూటన్ మీటర్లు. 68 మి.మీ. షెల్‌కు సాధారణంగా కుడివైపు రెండు, ఎడమవైపు ఒకటి చొప్పున 2.5 మి.మీ. స్పేసర్లు వేస్తారు, 73 మి.మీ. షెల్‌కు కుడివైపు ఒక్కటే. కుడివైపు నుంచి ఇరుసును దూర్చి, ఎడమ క్రాంకును పళ్లు కలిసేలా ఎక్కించాలి. తర్వాత చివరి ప్లాస్టిక్ మూతను వేళ్ల బలంతో, అంటే 0.7 నుంచి 1.5 న్యూటన్ మీటర్ల వరకే తిప్పాలి. భద్రతా పలకను లోపలికి నొక్కి, రెండు అలెన్ బోల్టులను ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి 12 నుంచి 14 న్యూటన్ మీటర్లకు తేవాలి. మూతను అతిగా బిగిస్తే బేరింగులు త్వరగా అరిగిపోతాయి. బోల్టులు బిగించాక మూత తిప్పినా ప్రయోజనం ఉండదు.

లోపాల గుర్తింపు

క్రాంకు ఆడుతుంటే రెండు క్రాంకులనూ పట్టుకుని ఫ్రేము వైపు, బయటి వైపు ఊపి చూడాలి. రెండూ కలిసి ఆడితే లోపం బేరింగులోనో, కప్పు బిగింపులోనో ఉంది. ఒక్కటే ఆడితే ఆ క్రాంకే వదులైంది. చదరపు ఇరుసు సైకిళ్లలో వదులయ్యేది ఎక్కువగా ఎడమ క్రాంకు.

చైనును చైన్ వీలు మీద నుంచి తప్పించి క్రాంకును చేత్తో తిప్పితే బేరింగు స్థితి తెలుస్తుంది. గరగరలాడితే లోపల ఇసుకో తుప్పో చేరింది, లేదా గోళీలు దొర్లే దారిలో గుంటలు పడ్డాయి. పట్టిపట్టి తిరిగితే బిగింపు ఎక్కువైంది.

కిర్రుమనే ప్రతి చప్పుడుకూ బీబీ కారణం కాదు. తొక్కడం ఆపి సైకిలును దొర్లనిచ్చినా చప్పుడు వస్తుంటే, కారణాన్ని చక్రాల్లోనో ఫ్రీవీలులోనో వెతకాలి. సీటు మీద నుంచి లేచి తొక్కితే ఆగిపోయే చప్పుడు సీటుదో, సీటు గొట్టానిదో. క్రాంకు చుట్టుకు ఒకసారి చొప్పున వస్తే ముందు పెడళ్లు, తర్వాత చైన్ వీలు బోల్టులు, ఆ తర్వాత క్రాంకు బోల్టు, చివరిగా బీబీ చూడాలి. తేలిగ్గా విప్పగలిగేవాటి నుంచి కష్టమైనవాటి వైపు సాగే ఈ వరుస పాటిస్తే, బాగున్న బేరింగును అనవసరంగా మార్చే ఖర్చు తప్పుతుంది.

అన్నిటికంటే ఖరీదైన పొరపాటు వదులైన క్రాంకుతో తొక్కడం. ఉక్కు ఇరుసు మీద ఆడుతున్న అల్యూమినియం క్రాంకు రంధ్రం కొద్ది కిలోమీటర్లలోనే గుండ్రంగా అరిగిపోతుంది. ఆ తర్వాత ఎంత బిగించినా నిలవదు. క్రాంకు మార్చడమే మార్గం. ఘాట్ రోడ్డు మీద ఈ ఇబ్బంది వచ్చి, చేతిలో తగిన అలెన్ కీ లేకపోతే, పెడల్ మీద బరువు వేయకుండా సైకిలును నడిపించుకుంటూ దిగడం క్షేమం.

నిర్వహణ

బురదలో తిరిగి వచ్చాక బకెట్టు నీళ్లు, గుడ్డ చాలు. మోటారు సైకిళ్ల వాటర్ సర్వీసింగ్ గన్నుతో బీబీ మీద కొడితే, ఆ ఒత్తిడికి నీరు సీళ్లను దాటి లోపలి గ్రీజును చెడగొడుతుంది. మూసిన బేరింగులను కిరోసిన్‌లో నానబెట్టకూడదు. సీటు గొట్టం గుండా దిగిన వాననీరు షెల్‌లో నిలుస్తుంది కనుక, అడుగున నీరు పోయే రంధ్రం ఉంటే దాన్ని మూసుకుపోకుండా చూసుకోవాలి.

కొత్తగా బిగించిన క్రాంకును మొదటి కొద్ది కిలోమీటర్ల తర్వాత ఒకసారి తనిఖీ చేయాలి. ఘాట్ ఎక్కే ముందు రోజు క్రాంకులు ఊపి చూడడానికి ఒక్క నిమిషం పడుతుంది. దూరప్రయాణానికి 5, 8 మి.మీ. అలెన్ కీలు వెంట ఉంచుకోవాలి. బేరింగు అరిగితే బేరింగుతోనే పోతుంది. వదులును పట్టించుకోకపోతే క్రాంకు, ఇరుసు, ఒక్కోసారి ఫ్రేము కూడా మార్చాల్సి వస్తుంది.