మన ఊళ్ళకు పళ్ళ డాక్టరు వచ్చిన వైనం

ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం రాయమని కార్యదర్శిగారు కోరారు. రాజుల చరిత్ర రాసేవారు చాలామంది ఉన్నారు. మనందరికీ అనుభవంలో ఉన్న పంటి నొప్పి చరిత్రను నేను ఎంచుకున్నాను.

మన చిన్నతనంలో తాలూకా కేంద్రాలలో సైతం పళ్ళ డాక్టరు అరుదు. పొద్దున్నే వేపపుల్ల, కచ్చిక, ఉప్పు. నొప్పి చేస్తే లవంగం. అప్పటికీ తగ్గకపోతే సర్కారు ఆస్పత్రిలో డాక్టరుగారు పన్ను పీకేవారు. సంతరోజున గుడ్డ పరచుకొని పళ్ళు పీకేవారూ ఉండేవారు. కలకత్తా వంటి నగరాలలో చైనాలోని హూబే ప్రాంతం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు తరతరాలుగా ఈ వృత్తి చేశాయి. కానీ పల్లెల వారికి మాత్రం పీకడమే వైద్యం.

మన దేశంలో తొలి దంత వైద్య కళాశాలను డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో కలకత్తాలో స్థాపించారు. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో డెంటిస్టుల చట్టం వచ్చింది. రిజిస్టరును రెండు భాగాలు చేశారు. చదువుకున్నవారికి 'ఎ' భాగం. చదువు లేకున్నా కనీసం ఐదేళ్ళుగా అదే ప్రధాన జీవనాధారంగా ఉన్నవారికి 'బి' భాగం. పాతవారి కూడు తీయకుండానే, ముందు తరాలకు చదువును తప్పనిసరి చేసిన ఏర్పాటు ఇది. జీవితమంతా రిజిస్టర్లు రాసిన నాకు ఇది ముచ్చటగా తోస్తుంది.

1959లో హైదరాబాదులో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఏర్పడింది. 1965లో మణిపాల్‌లో దేశంలోనే మొదటి ప్రైవేటు దంత కళాశాల వచ్చింది. అయినా చదివినవారు చిన్న ఊళ్ళకు వెంటనే రాలేదు. అందుకు కారణం ఉంది. పన్నును నిలబెట్టే వైద్యానికి సామగ్రి కావాలి. పూర్వం కుట్టుమిషనులా కాలితో తొక్కే డ్రిల్లు ఉండేది. 1957లో అమెరికాలో గాలి ఒత్తిడితో నిమిషానికి 3 లక్షల చుట్లు తిరిగే డ్రిల్లు వచ్చింది. దానికి కంప్రెసరు, కంప్రెసరుకు కరెంటు, ఆపైన కుర్చీ, నీళ్ళు. ఇంత పెట్టుబడి పెట్టి కూర్చుంటే, వచ్చేవాళ్ళంతా పీకించుకోవడానికే వస్తే గిట్టుబాటు కాదు.

అందుచేత పిప్పిపన్నుకు సిమెంటు పెట్టించాలన్నా జిల్లా కేంద్రానికే పోవలసి వచ్చేది. మా ఆఫీసులో ఒక సీనియర్ అసిస్టెంటు రూట్ కెనాల్ కోసం రెండు బస్సులు మారి వెళ్ళేవారు. మూడు నాలుగు సార్లు రమ్మన్నారు. రెండోసారికే క్యాజువల్ లీవులు అయిపోయాయి. "పీకెయ్యండి, పీడా పోతుంది" అని చెప్పి వచ్చేశారు. ఇలా మన తరంలో ఎందరి పళ్ళో పుచ్చి కాదు, దూరం వల్ల పోయాయి.

1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఆ తరువాతి దశాబ్దాలలో కళాశాలలూ పెరిగాయి. నేడు చాలా చిన్న పట్టణాలలో, సిమెంటు మొదలు కట్టుడు పళ్ళ వరకు చూసే డాక్టరు నడిచి వెళ్ళే దూరంలోనే ఉన్నారు. దూరం తగ్గింది గాని, నొప్పి ముదిరాకే వెళ్ళే పాత అలవాటు మనను విడవలేదు.

కనుక మిత్రులకు మనవి. డాక్టరుగారి బి.డి.ఎస్. అర్హత, రాష్ట్ర దంత వైద్య మండలి రిజిస్ట్రేషను నంబరు చూసుకోండి. అడగడంలో తప్పు లేదు. బి.పి., షుగరు, రక్తం పలచబడే మాత్రల సంగతి ముందే చెప్పండి. మాత్రలు మీ అంతట మీరు మానవద్దు. పన్ను పీకుతామంటే, నిలబెట్టే వీలుందా అని ఒక్కమాట అడగండి. కట్టుడు పళ్ళున్నవారు రాత్రి తీసి కడిగి, నీళ్ళలో ఉంచండి.

పాతికేళ్ళ క్రితం లీవు దొరక్క పళ్ళు పోగొట్టుకున్నాం. ఇప్పుడు మనకు అన్నీ సెలవులే. ఉన్న నాలుగు పళ్ళనూ కాపాడుకొని, పండుగకు మనవలతో కలిసి జంతికలు నములుదాం.