మానవ పతనం, విమోచన: ఒక సిద్ధాంత చరిత్ర

క్రైస్తవ వేదాంతంలో పతనం అంటే ఆదాము, హవ్వలు దేవుని ఆజ్ఞ మీరడం, దాంతో మానవజాతికీ దేవునికీ మధ్య ఉన్న బంధం చెడిపోవడం. ఆ చెడినదాన్ని యేసుక్రీస్తు జననం, మరణం, పునరుత్థానాల ద్వారా దేవుడే బాగుచేయడం విమోచన. కథ చెప్పేటప్పుడు పతనం ముందు వస్తుంది, విమోచన తర్వాత వస్తుంది. సండే స్కూల్లో పిల్లలు నేర్చుకునే వరసా ఇదే. సిద్ధాంతం పుట్టిన వరస మాత్రం దీనికి తలకిందులు. క్రీస్తు వల్ల తమకు ఏదో దక్కిందని ముందు నమ్మినవాళ్లు, అది దక్కాల్సి వచ్చిందంటే అంతకుముందు ఏం పోయి ఉండాలో వెనక్కి వెళ్లి వెతికారు. అందుకే రెండువేల ఏళ్లలో మందు గురించిన ఊహ మారినప్పుడల్లా రోగానికి పెట్టిన పేరు కూడా మారుతూ వచ్చింది.

దీనికి మొదటి సాక్ష్యం ఆదికాండమే. మూడో అధ్యాయంలో పాపం అన్న మాట లేదు. అది తొలిసారి కనిపించేది నాలుగో అధ్యాయంలో, కయీను తమ్ముణ్ణి చంపబోయే ముందు. పండు పేరు కూడా అక్కడ లేదు. ఆపిల్ అన్నది తర్వాతి చిత్రకారుల చలవ. యూదు పండితులైతే అంజూరమనీ, ద్రాక్ష అనీ, కాదు గోధుమే అనీ వాదించుకున్నారు. పామే సాతాను అని కూడా ఆ అధ్యాయం చెప్పదు. అంతకన్నా గట్టి సంగతి ఇంకొకటుంది. ఇశ్రాయేలు పాపాల్ని అంతగా ఎండగట్టిన ప్రవక్తలు, వాటికి మూలం ఏదెను తోటలో ఉందని ఎక్కడా స్పష్టంగా అనలేదు. హోషేయ గ్రంథంలో ఆదాము పేరున్న ఒక వాక్యం ఉంది గానీ, అది మనిషి పేరో ఊరి పేరో పండితులకే తేలలేదు. యెహెజ్కేలు పద్దెనిమిదో అధ్యాయమైతే తండ్రి దోషం కొడుకు మోయడని తెగేసి చెబుతుంది. స్త్రీ సంతానానికీ సర్పానికీ వైరం కలుగుతుందన్న ఆదికాండపు మాటలోనే విమోచన వాగ్దానం ఉంది కదా అని అడగొచ్చు. దాన్ని తొలి సువార్త అన్నవాళ్లు క్రీస్తును ఎరిగాక చదివినవాళ్లు. తోటలో వెలుగు సిలువ వైపు నుంచి పడింది.

ఆ వెలుగు మొదట పట్టుకున్నవాడు అపొస్తలుడైన పౌలు. సుమారు సా.శ. 57లో రోమీయులకు రాసిన లేఖలో తొలి మూడు అధ్యాయాలు లోకమంతా పాపం కిందనే ఉందని నిరూపించడానికే వెచ్చించాడు. అయినా అక్కడ ఆదాము పేరెత్తలేదు. క్రీస్తు మరణం వల్ల దేవునితో సమాధానం కలిగిందని చెప్పాక, ఐదో అధ్యాయంలో, ఒక్కడి వల్ల అందరికీ మేలు ఎలా కలుగుతుందో పోల్చి చూపడానికి ఆదామును తెచ్చాడు. కొరింథీయులకు రాసిన మొదటి లేఖలోనూ ఆదాము వచ్చేది పునరుత్థానం గురించి చెప్పే చోటే. పౌలుకు ముందు జవాబు దొరికింది, తర్వాత ప్రశ్న దొరికిందని బైబిలు పండితుడు ఇ.పి. శాండర్స్ 1977లో వాదించాడు. రోమా లేఖ పాపంతోనే మొదలవుతుంది కాబట్టి ఇది తప్పని కొందరంటారు. కానీ లేఖలో వాదన నడిపే వరస వేరు, రాసినవాడికి నమ్మకం కుదిరిన వరస వేరు. ధర్మశాస్త్రం ప్రకారం తాను నిందారహితుణ్ణని ఫిలిప్పీయులకు రాసిన పౌలు, క్రీస్తును కలవకముందు రోగినని అనుకున్న మనిషిలా కనిపించడు.

రెండో శతాబ్దం చివర లియోన్‌లో బిషప్పుగా ఉన్న ఐరేనియస్‌కు విమోచన అంటే ఎదగడం. క్రీస్తు మనిషి బతుకును మొదటి నుంచీ తిరిగి బతికి, ఆదాము దారి తప్పిన ప్రతి మలుపునూ సరిదిద్దాడన్నాడు. మందు ఎదుగుదల అయినప్పుడు రోగం పసితనమే అవుతుంది. ఆయన దృష్టిలో ఆదాము ఇంకా పిల్లవాడు, మోసపోయాడు. నాలుగో శతాబ్దపు అలెగ్జాండ్రియాలో అథనాసియస్ మరణాన్ని రోగమన్నాడు, క్రీస్తు ప్రాణాన్ని మందన్నాడు. పలకమీద గీసిన బొమ్మకు మురికి పడితే పలకను పారేయరు. ఆ బొమ్మ ఎవరిదో ఆ మనిషే మళ్లీ వచ్చి ఎదుట కూర్చుంటాడు, చిత్రకారుడు అదే పలకమీద దిద్దుతాడు. మనిషిలో మాసిన దేవుని పోలికను దిద్దడానికి కుమారుడు వచ్చింది అలాగే అంటాడు. ఇద్దరి రాతల్లోనూ పుట్టుకతో వచ్చే నేరం అన్న ఊహ లేదు.

ఆ ఊహకు రూపం ఇచ్చినవాడు ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో నగర బిషప్పు అగస్టీన్. ఆదిపాపం అన్న పదబంధం సిద్ధాంతపరంగా ఆయన సుమారు 396లో సింప్లిషియానస్‌కు పంపిన రాతలో కనిపిస్తుంది. పెలాగియస్‌తో తగాదాకు అది పదిహేనేళ్ల ముందు మాట. ఆ తగాదా రాజుకున్న తీరు మన వాదనకు ముఖ్యం. బ్రిటన్‌కు చెందిన పెలాగియస్, మనిషి తలచుకుంటే పాపం చేయకుండా ఉండగలడన్నాడు. అతని అనుచరుడు కెలెస్టియస్‌ను 411 ప్రాంతంలో కార్తేజ్‌లో విచారించినప్పుడు, ఆదాము పాపం ఆదాముకే చెల్లిందా అన్నది ఒక ప్రశ్న. పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వాలని కెలెస్టియస్ కూడా ఒప్పుకున్నాడు. అగస్టీన్‌కు అదే చాలు. సంఘం పాపక్షమాపణ కోసమే బాప్తిస్మం ఇస్తుంది, పసిబిడ్డ సొంతంగా ఏ పాపమూ చేయలేదు, మరి క్షమించేది దేన్ని? 418లో కార్తేజ్ మహాసభ ఇదే తర్కాన్ని శాసనం చేసింది. తొట్టెలోని నీళ్లు ముందున్నాయి, మరక తర్వాత కనబడింది. పతనం కారణం, బాప్తిస్మం ఫలితం అని అందరూ అనుకునే చోట, వాదన మాత్రం బాప్తిస్మం నుంచి పతనం వైపు నడిచింది.

ఇదంతా ఒక అనువాద దోషం వల్ల వచ్చిందని చాలామంది తేల్చేస్తారు. రోమా 5:12 గ్రీకు మూలంలో మరణం అందరికీ వచ్చింది 'అందరూ పాపం చేసినందున' అన్న అర్థం వస్తుంది. అగస్టీన్ చదివిన లాటిన్‌లో దాన్ని 'అతనిలో అందరూ పాపం చేశారు' అని చదువుకునే వీలుంది. దోషం ఉన్నమాట నిజమే గానీ, దానిమీద మొత్తం భారం వేయడం అన్యాయం. ఆ వాక్యం లేకున్నా బాప్తిస్మపు తర్కం అలాగే నిలుస్తుంది. పైగా అగస్టీన్ లోకాన్ని కళ్లు తెరిచి చూసినవాడు. తోటి బిడ్డ పాలు తాగుతుంటే మాటలు కూడా రాని పసివాడు పాలిపోయిన ముఖంతో, కోపంగా చూడటం తన 'ఒప్పుకోళ్ళు' గ్రంథంలో రాసుకున్నాడు. మనం ఎన్నుకోకముందే చెడు మనలో ఉందన్న ఆ గమనింపును కొట్టేయడం తేలిక కాదు. తేలిగ్గా కొట్టేయగలిగింది, అది శిక్షార్హమైన నేరమన్న ముగింపును. ఎక్లానమ్ బిషప్పు జూలియన్ అడిగిందీ అదే: శిశువును దోషిగా పుట్టించే దేవుడు న్యాయవంతుడెలా అవుతాడు? అగస్టీన్ జవాబు ఆ ప్రశ్నకు తూగలేదనే నా అభిప్రాయం.

తూర్పు సంఘాలు ఆ దారి పట్టలేదు. ఇస్తాంబుల్‌లోని ఖోరా ఆలయంలో (ఇప్పుడది మసీదు) పద్నాలుగో శతాబ్దం తొలినాళ్ల కుడ్యచిత్రం ఒకటుంది. తెల్లని వస్త్రాల్లో క్రీస్తు కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి, ఒక చేత్తో ఆదామునూ ఇంకో చేత్తో హవ్వనూ సమాధుల్లోంచి పైకి లాగుతుంటాడు. పట్టుకున్నది అరచేతుల్ని కాదు, మణికట్టుల్ని. లేచే బలం వాళ్లకు లేదు. కాళ్ల కింద విరిగిన పాతాళ ద్వారాలు, చెల్లాచెదురైన తాళాలు, గడియలు, కట్టిపడేసిన సాతాను. విమోచన అంటే చెర విడిపించడం అన్నప్పుడు పతనం అంటే చెరలో పడటమే. పశ్చిమాన 1098లో వేదాంతి అన్సెల్మ్ పతనాన్ని తీర్చాల్సిన రుణంగా చూశాడు: దేవునికి చెందాల్సిన గౌరవాన్ని మనిషి ఎగ్గొట్టాడు, తీర్చగలవాడు దేవుడూ మనిషీ అయినవాడే. ప్రభువు, సామంతుల లోకంలో ఆ లెక్క అందరికీ అర్థమయ్యేదే. మనిషి పాపం చేయకున్నా దేవుని కుమారుడు అవతరించేవాడని మధ్యయుగ వేదాంతి డన్స్ స్కోటస్ అన్నప్పుడైతే, పతనం కథలో నడిమి స్థానమే కోల్పోయింది. లూథర్, కాల్విన్‌లు కృప ఒక్కటే రక్షిస్తుందన్నారు, దానికి తగ్గట్టు మనిషిలో శక్తేమీ మిగల్లేదన్నారు. స్వేచ్ఛాచిత్తం బలహీనపడిందే గానీ చావలేదని కాథలిక్కుల ట్రెంట్ మహాసభ బదులిచ్చింది.

1859లో డార్విన్ గ్రంథం వచ్చాక చారిత్రక ఆదాము మీద ఒత్తిడి పెరిగింది. మానవులందరూ ఒకే జంట సంతానం కాదన్న మాట ఆదిపాప బోధతో ఎలా పొసగుతుందో కనిపించడం లేదని 1950లో పన్నెండో పయస్ పోపు హెచ్చరించాడు. ప్రొటెస్టంట్ వేదాంతి కార్ల్ బార్త్ మాత్రం తన బృహద్గ్రంథంలో పాపం గురించిన అధ్యాయాన్ని క్రీస్తు గురించిన అధ్యాయం తర్వాత పెట్టాడు. ఎన్నో శతాబ్దాలుగా చాటుగా జరుగుతున్న పని ఆయన చేతిలో బాహాటమైంది. బాప్తిస్మం లేకుండా చనిపోయే శిశువులు రక్షణ పొందుతారని ఆశించవచ్చని 2007లో కాథలిక్ వేదాంత సంఘం ఒకటి తేల్చింది. కార్తేజ్ తర్కం వెనక్కి తిరగడమిది: దేవుని కృపను విశాలంగా ఊహించిన కొద్దీ, పుట్టుక మీద పడిన నేరం పలచబడింది.

ఇది రోగాన్ని మందు కోసం కల్పించడమే కదా అన్న అనుమానం తెలుగు పాఠకుడికి మరింత బలంగా రావచ్చు. కర్మ సిద్ధాంతంలో ఎవరి ఫలం వారిదే. పరాయివాడి తప్పుకు తాను జవాబుదారీ కావడం అక్కడ పొసగదు. కానీ యోహాను సువార్తలో పుట్టుగుడ్డిని చూసి, పాపం ఇతనిదా తల్లిదండ్రులదా అని శిష్యులు అడిగినప్పుడు యేసు రెండింటినీ కాదన్నాడు. కారణం వెతకడం మాని జరగబోయే బాగుచేతను చూపాడు. ఇక తెలుగు బైబిలు. రోమా 5:12ను అది గ్రీకు అర్థంలోనే, అందరూ పాపం చేసినందున అనే తర్జుమా చేసింది. మన సంఘాల్లో జన్మపాపం గురించి చెప్పే బోధకుడి చేతిలో ఉన్నది అగస్టీన్ చదువుకున్న వాక్యం కాదు. ఆ బోధకు ఆధారం కావాలంటే అదే అధ్యాయంలో ఇంకాస్త కిందికి, పద్దెనిమిది, పందొమ్మిది వచనాల దాకా దిగాల్సిందే. అక్కడ ఆదాము పక్కనే క్రీస్తు ఉంటాడు.