చీమకు కాళ్లెన్ని? హుక్ బొమ్మ నుంచి ఏఐ బొమ్మ దాకా

ఈ ఎపిసోడ్‌లో చీమ బొమ్మ చరిత్ర చెప్పుకుందాం. నవ్వకండి, నిజంగానే దానికో చరిత్ర ఉంది.

ఈ వారమంతా నేను ఫోన్‌లో ఏఐ టూల్స్‌తో చీమల బొమ్మలు చేయిస్తూ కూర్చున్నా. "మామిడాకులు కుట్టి గూడు కడుతున్న ఎర్ర చీమలు" అని అడిగా. బొమ్మ అదిరిపోయింది. ఎండ, ఆకు ఈనెలు, చీమ ఒంటి మీద మెరుపు, అన్నీ అచ్చం ఫోటోలాగే. జూమ్ చేసి కాళ్లు లెక్కపెట్టా. ఒకదానికి ఎనిమిది, పక్కదానికి ఐదు. ఇంకోదానికైతే పొట్ట నుంచి మొలిచాయి! అసలు చీమకి ఆరే కాళ్లు, ఆరూ నడిమి భాగం నుంచే వస్తాయి. గూడు సంగతి మరీ ఘోరం. ఆకుల మధ్య కుట్టు మిషన్ మీద వేసినట్టు దారం కుట్లు. నిజానికి ఈ చీమలు తమ పిల్లపురుగుల్ని నోట కరుచుకుని అటూ ఇటూ ఆడిస్తాయి. వాటి నోట్లోంచి వచ్చే పట్టుతోనే ఆకులు అతుక్కుంటాయి.

ఇప్పుడు 1665లో లండన్‌కి వెళ్దాం. రాబర్ట్ హుక్ మైక్రోస్కోప్ కింద చూసినవన్నీ గీసి 'మైక్రోగ్రాఫియా' అనే పుస్తకం వేశాడు. అందులో చీమ ఆయన్ని బాగా సతాయించింది. కాళ్లు మైనంతో అతికిస్తే ఒళ్లు మెలికలు తిప్పేది. చంపితే ముడుచుకుపోయేది. చివరికి ఏం చేశాడో తెలుసా? బ్రాందీ పట్టించాడు! చీమ తాగి పడిపోయింది, ఆయన ప్రశాంతంగా చూసి గీసుకున్నాడు. దాదాపు గంట తర్వాత అది లేచి పరుగెత్తిందని ఆయనే రాశాడు. నాకైతే ఆ పుస్తకంలో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

తర్వాత మరియా సిబిల్లా మెరియన్. 1699లో కూతుర్ని వెంటబెట్టుకుని దక్షిణ అమెరికాలోని సురినామ్‌కి ఓడెక్కింది. 1705లో వచ్చిన ఆమె పుస్తకంలో జామకొమ్మ మీద చీమల బొమ్మ ఒకటుంది. అందులో ఆకులు కత్తిరించే చీమల్నీ, దండుగా కదిలే వేట చీమల్నీ కలిపేసింది. అంటే ఆమె కూడా తప్పు వేసింది. కానీ ఆ తప్పు పట్టుకోగలిగారు. ఎక్కడికెళ్లింది, ఏం చూసింది అన్నీ రాసిపెట్టింది కదా, తర్వాతివాళ్లు చీమలతో పోల్చి చూసుకున్నారు.

ఏఐ బొమ్మకి ఆ సౌకర్యం లేదు. 2022లో జనం చేతికొచ్చిన ఈ టూల్స్‌లో చాలావరకు, చుక్కల గందరగోళంతో మొదలుపెట్టి కొంచెం కొంచెంగా శుభ్రం చేస్తూ బొమ్మ తేలుస్తాయి. లక్షలకొద్దీ ఫోటోల్లో చీమ ఎలా కనిపిస్తుందో వాటికి తెలుసు, కాళ్లు లెక్కపెట్టడం వాటి పని కాదు. పైగా ఫోటోల్లో చీమలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి, ఎవరి కాలు ఎవరిదో మనకే తెలీదు. అసలు భయం వేరే ఉంది. ఎనిమిది కాళ్ల చీమ ఏ స్కూల్ ప్రాజెక్టులోకో, గూగుల్ ఫలితాల్లోకో వెళ్తుంది. రేపటి ఏఐ మళ్లీ దాన్నే చూసి నేర్చుకోవచ్చు. అప్పుడు ఏ చీమని చూసి గీశావని ఎవర్ని అడుగుతాం?

"ఆరు కాళ్లే ఉండాలి" అని రాసి మళ్లీ అడిగా. ఆరే వచ్చాయి, మీసాలు ఎగిరిపోయాయి.

అసలు చీమని చూడాలంటే కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్ వాళ్ల 'యాంట్‌వెబ్' తెరవండి. ముందు నుంచి, పక్క నుంచి, పై నుంచి తీసిన ఫోటోలు, దాంతోపాటు ఆ చీమ ఎక్కడ దొరికిందో వివరాలు. ఫ్రీగానే చూడొచ్చు.