వెట్టిని రద్దు చేసిన అధికరణంలోనే తప్పనిసరి దేశసేవ

రాజ్యాంగం 23వ అధికరణంలో రెండు క్లాజులున్నాయి. మొదటిది మనుషుల క్రయవిక్రయాన్నీ, వెట్టినీ, బలవంతపు చాకిరీనీ నిషేధిస్తుంది. రెండోది, ప్రజా ప్రయోజనాల కోసం రాజ్యం తప్పనిసరి సేవ విధించవచ్చంటుంది. అలా విధించేటప్పుడు కేవలం మతం, జాతి, కులం, వర్గం చూసి తేడా చేయరాదని షరతు పెడుతుంది. యువతకు మిలిటరీ ట్రైనింగ్ నిర్బంధం చేయాలా, చదువైపోగానే ఏడాదో రెండేళ్లో దేశసేవ చేయించాలా అన్న చర్చ ఎప్పుడు లేచినా, చట్టంలో దానికి కాలు మోపే చోటు ఈ రెండో క్లాజే. ముసాయిదాలో 17వ అధికరణంగా ఉన్న దీన్ని రాజ్యాంగ సభ 1948 డిసెంబరు 3న చర్చించింది.

ఆ తేదీని నల్లగొండ జిల్లాలో నిలబడి చూడాలి. హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో కలిసి అప్పటికి రెండున్నర నెలలు. రాజ్యమంతా మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి సైనిక పాలనలో ఉంది. ఢిల్లీలో వెట్టి రద్దు గురించి మాట్లాడుతున్న రోజున ఇక్కడి పల్లెల్లో వెట్టికి ఎదురుతిరిగిన యువకులు అడవుల్లో, గుట్టల్లో ఉన్నారు. ఆ పోరు 1951 దాకా ఆగలేదు. అందుకే ఈ జిల్లాలోని మర్రిగూడ లాంటి ఊళ్లో కూర్చుని తప్పనిసరి సేవ గురించి ఆలోచిస్తే, దానికి ఢిల్లీలోనో ముంబైలోనో లేని బరువు వస్తుంది.

చర్చ మళ్లీ ఇళ్లలోకి వచ్చింది 2025లో. ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని కాల్చి చంపారు. మే 7న ఆపరేషన్ సిందూర్ మొదలైంది. అదే రోజు సాయంత్రం హైదరాబాద్‌లో సైరన్లు మోగించి పౌర రక్షణ మాక్ డ్రిల్ చేశారు. మరి రెండు రోజులకు నియంత్రణ రేఖ దగ్గర కాల్పుల్లో మురళీ నాయక్ అమరుడయ్యాడు. శ్రీసత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండా పిల్లవాడు, అగ్నివీర్‌గా చేరినవాడు. దేవరకొండ వైపు ఏ తండాలో విన్నా అది పరాయి ఇంటి కబురు కాదు. ‘అందరికీ మిలిటరీ ట్రైనింగ్ పెట్టాలె’ అన్న మాట అప్పటినుంచి చాయ్ హోటళ్ల దగ్గర వినిపిస్తూనే ఉంది. ఆ మాటలో భయమూ ఉంది, ప్రేమా ఉంది. దాన్ని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. అయితే ఆ ఆలోచన ఎక్కడ పుట్టిందో, ఎవరి మీద పడిందో, ఎందుకు వెనక్కి పోయిందో తెలుసుకోకుండా తలూపడానికీ మనసొప్పదు.

మన దేశంలో దాని మొదలు మొదటి ప్రపంచ యుద్ధంలో ఉంది. 1917లో బ్రిటిష్ ప్రభుత్వం ఇండియన్ డిఫెన్స్ ఫోర్స్ చట్టం తెచ్చింది. ఇక్కడున్న యూరోపియన్ బ్రిటిష్ మగవాళ్లకు అందులో సేవ తప్పనిసరి, భారతీయులకు ఇష్టమైతేనే. కాలేజీ పిల్లలకు యూనివర్సిటీ కోర్ మొదలైంది అప్పుడే. 1920 టెరిటోరియల్ చట్టంతో అది యూనివర్సిటీ ట్రైనింగ్ కోర్ అయింది. 1940లో రెండో యుద్ధానికీ అదే పద్ధతి నడిచింది. యూరోపియన్లకు నేషనల్ సర్వీస్ చట్టం పెట్టారు, సాంకేతిక పనివాళ్లను యుద్ధ కర్మాగారాలకు పంపడానికి వేరే ఆర్డినెన్స్ తెచ్చారు. సైన్యంలో చేరడం మాత్రం మనవాళ్లకు ఏనాడూ చట్టరీత్యా నిర్బంధం కాలేదు. ఆ యుద్ధం ముగిసేసరికి భారత సైన్యం దాదాపు 25 లక్షలు. చట్టం బలవంతం చేయకపోయినా, ఆకలి బలవంతం చేస్తే పోయినవాళ్లు అందులో ఎందరో.

స్వాతంత్ర్యం ముంగిట, 1946లో, పండిట్ హృదయనాథ్ కుంజ్రూ అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. బడి నుంచి యూనివర్సిటీ దాకా దేశవ్యాప్తంగా కేడెట్ సంస్థ ఉండాలని అది 1947 మార్చిలో నివేదిక ఇచ్చింది. 1948 ఏప్రిల్‌లో చట్టం వచ్చింది, జులై 15న నేషనల్ కేడెట్ కోర్, మన ఎన్.సి.సి., మొదలైంది. ఇష్టమున్నవాళ్లే చేరాలన్నది దాని మూలసూత్రం. మరుసటి ఏడాది ఆడపిల్లలకూ విభాగం పెట్టారు. 1949 అక్టోబరు 9న టెరిటోరియల్ ఆర్మీ వచ్చింది. ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూనే ఏడాదిలో కొన్నాళ్లు సైనికులుగా ఉండేవాళ్ల దళం అది.

1948 జులై 15 నాటికి నల్లగొండ భారత యూనియన్‌లో లేదు. కానీ ఇక్కడి యువకులు అప్పటికే ఒక సేవలో ఉన్నారు. దాన్ని ఏ కమిటీ సిఫారసు చేయలేదు.

దేశ్‌ముఖులు, పటేళ్లు, పట్వారీలు ఊళ్లను ఏలిన ఆ రోజుల్లో ప్రతి కులానికీ వెట్టి వంతు ఉండేది. చాకలి గడీ బట్టలు ఉతకాలి, కుమ్మరి కుండలు పెట్టాలి, మాదిగ చెప్పులూ తొండాలూ కుట్టి ఇవ్వాలి, అధికారి ఊరికొస్తే మూటలు మోసి పక్క ఊరి పొలిమేర దాకా దిగబెట్టాలి. కూలి లేదు. రానంటే దెబ్బలు. ఆంధ్రమహాసభ ఊళ్లలోకి వచ్చి సంఘం అయింది. 1946 జులై 4న కడివెండిలో, అప్పటి నల్లగొండ జిల్లాలో, విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకీకి దొడ్డి కొమరయ్య బలయ్యాడు. అక్కడినుంచి గుత్పలు, వడిసెలలు పట్టిన యువకులు ఊరూరా కాపలా కాశారు. గ్రామ రక్షక దళాలు, వాటి పైన గెరిల్లా దళాలు ఏర్పడ్డాయి. పుచ్చలపల్లి సుందరయ్య లెక్క ప్రకారం గ్రామ దళాల్లో పదివేల మంది, గెరిల్లా దళాల్లో రెండువేల మంది. జీతం లేదు, పింఛను హామీ లేదు, బలవంతపు భర్తీ లేదు. రాత్రి కాపలాకు లేచి పోయినవాడు పోయింది తన ఊరి కోసం. దేశరక్షణకు యువత కదలాలంటే చట్టం నెత్తిన కూర్చోవాలని ఎవరైనా అంటే, ఈ జిల్లా చరిత్రే దానికి జవాబు.

అయితే ఆ కథకు రెండో పక్క ఉంది, దాన్నీ దాచకూడదు. ఖాసిం రజ్వీ రజాకార్లూ స్వచ్ఛందంగా చేరినవాళ్లే. వాళ్ల చేతికి ఆయుధమిచ్చి, చట్టం కళ్లు మూసుకుంటే పల్లెలు ఏమయ్యాయో ఈ నేలకు చెప్పనక్కర్లేదు. ఇష్టంతో వచ్చాడన్నది ఒక్కటే చాలదు. ఎవరి ఆజ్ఞ కింద, ఎవరికి జవాబుదారీగా ఆయుధం పట్టాడన్నదీ చూడాలి. ఇదే ప్రశ్న ఆరు దశాబ్దాల తర్వాత సుప్రీంకోర్టుకు వచ్చింది. దానికి తీర్పు రాసినది మర్రిగూడకు పక్క జిల్లా రంగారెడ్డిలో, ఆకుల మైలారంలో పుట్టిన న్యాయమూర్తి. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం మావోయిస్టుల మీదికి ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించింది. ఐదో తరగతి చదివితే చాలు, రెండు నెలల శిక్షణ, నెలకు మూడువేల గౌరవవేతనం. 2011 జులై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ ఆ నియామకాలు రాజ్యాంగ విరుద్ధమని తేల్చారు. అవి సమానత్వానికీ, జీవించే హక్కుకూ విరుద్ధమన్నారు. భద్రత పేరుతో పేద పిల్లల్ని చౌకగా ముందు వరుసలో నిలబెట్టొద్దని ఇంత స్పష్టంగా చెప్పిన తీర్పు నాకు ఇంకొకటి కనిపించదు.

ఇక తప్పనిసరి ప్రయోగం. అది మన దేశంలో నిజంగా జరిగింది. 1962లో చైనా దాడి చేసింది, అక్టోబరు 26న ఎమర్జెన్సీ ప్రకటించారు. నవంబరులో సైన్యాధిపతి మారారు. కొత్తగా వచ్చింది ఎవరో కాదు, హైదరాబాద్ సైనిక గవర్నర్‌గా పనిచేసిన జె.ఎన్. చౌదరి. 1963లో డిగ్రీ చదివే మగపిల్లలకు ఎన్.సి.సి. తప్పనిసరి చేశారు. ఖాకీ నిక్కర్లు, బూట్లు, పరేడ్ గ్రౌండ్ ప్రతి కాలేజీకీ వచ్చాయి. కానీ అంతమందికి నేర్పే ఉస్తాదులు లేరు, చాలినన్ని రైఫిళ్లు లేవు, అటెండెన్స్ కోసం నిలబడే పిల్లలే ఎక్కువయ్యారు. అయిదేళ్లు గడిచేసరికి, 1968లో, మళ్లీ ఇష్టమైతేనే అన్నారు. దేశం పూర్తి మనసుతో, యుద్ధ గాయం పచ్చిగా ఉన్నప్పుడు చేసిన ప్రయత్నమది. అయినా నిలవలేదు. ఇవాళ తప్పనిసరి అంటున్నవాళ్లలో ఎక్కువమందికి ఈ అయిదేళ్ల సంగతి గుర్తులేకపోవడం నాకు బాధగా ఉంటుంది. ఇంకో సంగతి కూడా గమనించాలి. ఆ తప్పనిసరి పడ్డది కాలేజీ మెట్లెక్కినవాళ్ల మీదే. మర్రిగూడ చెలకల్లో పశువులు కాసే పిల్లవాడు ఆ లెక్కలోనే లేడు.

తుపాకీతో కాకుండా పారతో దేశసేవ చేయించాలన్న ఆలోచన ఇంకో దారిన నడిచింది. మన సర్వేపల్లి రాధాకృష్ణన్ నాయకత్వంలోని యూనివర్సిటీ విద్యా కమిషన్ స్వచ్ఛంద సేవనే కోరింది. 1959లో సి.డి. దేశ్‌ముఖ్ కమిటీ మాత్రం గట్టిగా అడిగింది: హైస్కూలు దాటి కాలేజీకి పోయే ప్రతి విద్యార్థికీ తొమ్మిది నెలల నుంచి ఏడాది దాకా తప్పనిసరి సేవ ఉండాలంది. అందులో కొంత సైనిక శిక్షణ, కొంత సమాజ సేవ, కొంత కాయకష్టం. ఖర్చు భరించలేమని, అమలు కష్టమని దాన్ని పక్కన పెట్టారు. ఆ దేశ్‌ముఖ్ గారి భార్య మన దుర్గాబాయి. 1923 కాకినాడ కాంగ్రెస్ సభల్లో పద్నాలుగేళ్ల వాలంటీరుగా ఖాదీ ప్రదర్శన గుమ్మంలో నిలబడి, టికెట్ లేదని నెహ్రూనే ఆపిన పిల్ల. ఆ పిల్ల గుమ్మంలో నిలబడింది తన ఇష్టంతో. చివరికి గాంధీ శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబరు 24న, విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు 37 యూనివర్సిటీల్లో 40 వేల మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకం ప్రారంభించారు. అదే ఎన్.ఎస్.ఎస్. రెండేళ్లలో 240 గంటల పని, దత్తత గ్రామంలో ఏడు రోజుల క్యాంపు, బడి ఆవరణలో మొక్కలు, ఇంకుడు గుంతలు, ఇంటింటి సర్వే. చిన్నదిగా కనిపిస్తుంది గానీ, యాభై ఏళ్లు దాటినా బతికి ఉంది.

1976లో 42వ సవరణ 51ఎ అధికరణాన్ని చేర్చింది. దేశం పిలిస్తే రక్షణకు, జాతీయ సేవకు రావడం పౌరుడి విధి అని అందులో ఉంది. విధి అన్నారు గానీ, రాకపోతే శిక్ష పెట్టలేదు. 1982లో ఏషియాడ్ కూలీల కేసులో సుప్రీంకోర్టు, కనీస వేతనం కన్నా తక్కువకు చేయించుకునే పని కూడా 23వ అధికరణం కిందికి వచ్చే బలవంతపు చాకిరీయేనంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే తప్పనిసరి సేవకు ఎవరు ఎంత చెల్లించాలన్నది చిన్న ప్రశ్న కాకుండా పోతుంది.

2022 జూన్ 14న అగ్నిపథ్ ప్రకటించారు. పదిహేడున్నర ఏళ్ల నుంచి భర్తీ, నాలుగేళ్ల కొలువు, మొదటి ఏడాది నెలకు 30 వేలు, చివర దాదాపు 11.71 లక్షల సేవా నిధి, నూటికి 25 మందికి మించకుండా కొనసాగింపు. మూడు రోజులకే, జూన్ 17న, సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు బోగీలు తగలబడ్డాయి. పోలీసు కాల్పుల్లో వరంగల్ జిల్లా యువకుడొకరు చనిపోయాడు. ఆ రోజు అక్కడికి వచ్చినవాళ్లలో చాలామంది ఫిజికల్స్, మెడికల్ అన్నీ పాసై, కోవిడ్ మూలంగా ఆగిన రాతపరీక్ష కోసం ఎదురుచూస్తున్నవాళ్లు. రైళ్లు తగలబెట్టడాన్ని నేను సమర్థించను. కానీ ఆ పిల్లలు సేవ తప్పించుకోవడానికి రాలేదు, సేవలోకి పోయే తలుపు మూస్తున్నారని వచ్చారు. తెల్లవారుజామున రోడ్డు మీద రన్నింగ్ కొట్టే పిల్లలు ఏ మండలంలో చూసినా ఉన్నారు. అయిదున్నర నిమిషాల్లో 1600 మీటర్లు, బీమ్ మీద పది పుల్లప్స్, తొమ్మిదడుగుల గుంత దూకడం. ఎవరూ బలవంతం చేయకుండానే వరుసలో నిలబడ్డ పిల్లలున్న దేశానికి నిర్బంధం ఏ రోగానికి మందు?

బయట దేశాల సంగతి వేరు. సింగపూర్ చిన్నది, 1967 నుంచి అక్కడ మగపిల్లలకు తప్పనిసరి సేవ ఉంది. అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్ల కొడుకులూ తల్లిదండ్రుల మీద పర్మనెంట్ రెసిడెన్స్ తీసుకుంటే రెండేళ్లు చేయాల్సిందే. యుక్రెయిన్ యుద్ధం తర్వాత యూరప్‌లో కొన్ని దేశాలు మళ్లీ అటు తిరిగాయి. లాట్వియా తిరిగి పెట్టింది, డెన్మార్క్ 2025 నుంచి ఆడపిల్లలనూ లాటరీలో చేర్చింది. వాళ్లకు మనుషులు తక్కువ. మనకు తక్కువైనది మనుషులు కాదు.

మర్రిగూడకు ఒక ప్రత్యేక లెక్క ఉంది. ఈ మండలం నీళ్లలో ఫ్లోరైడ్ తరాలను వంచింది. నల్లగొండ ఫ్లోరోసిస్ ఊళ్లలో పిల్లల మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలే జబ్బును హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో లాన్సెట్ పత్రికలో రాశారు. సైన్యం మెడికల్లో తిప్పిపంపే కారణాల్లో సరిగ్గా ఆ మోకాళ్లే ఒకటి. శివన్నగూడేనికి చెందిన అంశాల స్వామి ఆ జబ్బు మోస్తూనే ఫ్లోరైడ్ మీద పోరాడి 2023 జనవరిలో కన్నుమూశారు. కృష్ణా నీళ్లు పైపుల్లో వచ్చాక పుట్టిన పిల్లల కాళ్లు ఇప్పుడు నిటారుగా పెరుగుతున్నాయంటే దాని వెనక దశాబ్దాల ధర్నాలున్నాయి. తాగే నీళ్లు ఇవ్వడానికే ఇన్నేళ్లు తీసుకున్న రాజ్యం, ఆ నీళ్ల బాధితుల బిడ్డల దగ్గర రెండేళ్లు తప్పనిసరిగా తీసుకుంటానంటే, ముందు తన బాకీ లెక్క చెప్పాలి.

2018లో పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం, గెజిటెడ్ ఉద్యోగాలు కోరేవాళ్లకు అయిదేళ్ల సైనిక సేవ తప్పనిసరి చేయమని సిఫారసు చేసింది. అది అమలు కాలేదు. ఆఫీసర్లయ్యేవాళ్ల మీద పడేదాన్ని అంత సులువుగా పక్కన పెట్టినవాళ్లు అందరి మీద పడేదాన్ని ఎలా రాస్తారో చూడాలి. ఈలోగా చేయాల్సిన పని కళ్లెదుటే ఉంది. ఎన్.సి.సి. యూనిట్ కావాలని అడిగి వెయిటింగ్ లిస్టులో ఉన్న బడులు, కాలేజీలు దేశంలో వేలల్లో ఉన్నాయి, వాటికి ఇవ్వాలి. ప్రతి మండలంలో పౌర రక్షణ, ప్రథమ చికిత్స, మంటలార్పడం నేర్పాలి. ఆడపిల్లలకూ నేర్పాలి. ఆ తర్వాత కూడా బిల్లు తెస్తామంటే తేవచ్చు, రాజ్యాంగం అడ్డు చెప్పదు. అది వచ్చిన రోజు మర్రిగూడ ముందుగా తిప్పాల్సింది మినహాయింపుల పేజీ. ఎవరి కొడుకులు అందులో ఉన్నారో, ఏ సాకుతో ఉన్నారో ఒక్కొక్క వరుసా చదివి, 23వ అధికరణం షరతుతో పోల్చి చూడాలి.